గంపలకుంట గట్టు మీద పుష్పమ్మ పిలుపు

పుష్పమ్మ అమ్మే చేపకు రెండు పుట్టిళ్లు. నాలాంటి కోస్తా మనిషి వెళ్లి అడిగితే, "మీ దిక్కుదే టీచరమ్మా, పొద్దుగాలనే లారీల దిగింది" అంటుంది. అల్వాల్ నుంచి స్కూటరు మీద వచ్చే బ్యాంకు సారు అడిగితే అదే చేప "మన గంపలకుంటదే సారూ, ఒంటి మీద ఇంక మన నీళ్లే ఉన్నయి" అయిపోతుంది. ఒక ఆదివారం మేమిద్దరం ఒకేసారి వెళ్లాం. ఇప్పుడేం చెబుతుందో చూద్దామని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పుష్పమ్మ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, చేపను కూడా ఒకసారి చూసింది. "పుట్టుడు ఆడ, పెరుగుడు ఈడ" అని కత్తిపీట ముందుకు లాక్కుంది. ఇద్దరం కొనుక్కునే వచ్చాం.

మౌలాలి రైల్వే కాలనీ గోడ అయిపోయే చోట ఆవిడ బేరం. ఒక నీలం టార్పాలిన్, ఐసు పెట్టె, కత్తిపీట, బూడిద డబ్బా, ఒక ప్లాస్టిక్ టబ్బు. టబ్బులో నీళ్లు, నీళ్లలో చేపలు. మనం దగ్గరికి వెళ్లేసరికి అవి తోకలాడిస్తాయి. "చూడు, పానంతోని ఉన్నయి" అంటుంది. నేను చాలాకాలం నమ్మాను. ఒకరోజు జారిన కళ్లజోడు కోసం వంగితే, చీర కుచ్చిళ్ల కింద ఆవిడ కాలి బొటనవేలు టబ్బును నెమ్మదిగా ఊపుతూ కనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేం మోసం పుష్పమ్మా!" అని రోడ్డంతా వినబడేలా అరిచాను.

"మోసమేంది టీచరమ్మా? నిద్రపోతున్నయి, లేపుతున్న" అంది.

నా పేరు దేవకృప. పుట్టింది నరసాపురం. మా ఆయన రైల్వే ఉద్యోగం వల్ల ఈ కాలనీకి వచ్చి ఇక్కడే పాతుకుపోయాం. పక్క బడిలో సోషల్ చెబుతాను. మా ఊరి లెక్కన చేప అంటే సముద్రం చేప, మిగతావన్నీ నీళ్లలో తిరిగే కూరగాయలు. ఈ మాట మొదటి పరిచయంలోనే పుష్పమ్మతో అనేశాను. నా నోరు ఆగదు. ఆవిడదీ ఆగదు. "మీ సముద్రంల అంత ఉప్పే ఉంటది గదా, మరి నీకు గింత కారం యాడికెళ్లి వచ్చింది?" అంది. అప్పటినుంచి మాకు స్నేహం.

గంపలకుంట మాత్రం అబద్ధం కాదు. మౌలాలి గుట్టకు వెనకవైపు, అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుపోయిన చిన్న చెరువు అది. పుష్పమ్మ మామగారి కాలంలో నీళ్లు రైలుకట్ట దాకా వచ్చేవట. ఇప్పుడు ఒక పక్క ప్రహరీ గోడలు, ఒక పక్క మురికి కాలవ, మిగిలిన చోట గుర్రపుడెక్క. ఆ కుంటను నమ్ముకున్న గంగపుత్రుల ఇళ్లు ఇరవైకి లోపే. ఎండాకాలంలో ఒక్కోసారి తెల్లవారేసరికి సగం చేపలు వెల్లకిలా తేలి ఉంటాయి. బతికినవాటిని పట్టి బజారుకు తెస్తే, ఐసులో వచ్చిన లారీ చేప పక్కనే అంతకంటే చవగ్గా పడుకుని ఉంటుంది. మేడల్లో వాళ్లయితే బజారుకే రారు, ఫోన్లో ముళ్లు లేని ముక్కలు తెప్పించుకుంటారు. అందుకని అక్కడి మగవాళ్లకు పొద్దున వల, మధ్యాహ్నం ఆటో, చీకటి పడితే ఏదో ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ డ్యూటీ. "మావోళ్లు నీళ్లల్ల కన్న గేట్ల కాడనే ఎక్కువుంటరు" అంటుంది పుష్పమ్మ. అదే వాచ్‌మన్, పై అంతస్తుకు ముళ్లు లేని చేప తెచ్చిన కుర్రాడికి గేటు తీస్తాడు.

ఏడాది పొడవునా ఎవరి వలకు పడింది వాళ్లది. మిరుగానికి ముందు ఒక్కరోజు మాత్రం సంఘమంతా కలిసి పెద్ద వల లాగుతుంది. మృగశిర కార్తె, అదే మిరుగం, వచ్చిన రోజు ఇక్కడ మాంసం తినే ఇంట చేప ఉడకకపోతే ఊరుకోరు. ఆ రోజు చెరువు చేపకున్న గిరాకీ మళ్లీ ఏడాదిలో రాదు. పుష్పమ్మకు కూడా ఆ రోజు టబ్బు ఊపే పని ఉండదు, చేపలు వాటంతట అవే ఎగిరి జనం మీద నీళ్లు చల్లుతాయి.

పట్టడం కంటే పంచడం తమాషాగా ఉంటుంది. నేను ఏటా సంచి పట్టుకుని వెళ్లేది చేప కోసం కాదు, అది చూడడానికే. పట్టినదంతా గట్టు మీద టార్పాలిన్ పరిచి పోస్తారు. ముసలి ఓంప్రకాశ్ కుప్పలు చేస్తాడు. ఎంతమందికి పాలు, అంటే వాటా, ఉందో అన్ని కుప్పలు. ఎంత సమానంగా చేసినా చేపలు కదా, ఒక కుప్పకు పెద్ద బొచ్చె పడుతుంది, ఇంకోదానికి ఎవరూ కొనని జెల్లలు పడతాయి. కొట్లాట రాకుండా ఒక మనిషి కుప్పలకు వీపు పెట్టి, గుట్టవైపు తిరిగి నిలబడాలి. ఓంప్రకాశ్ ఒక కుప్ప మీద కట్టె ఆనించి "ఇది ఎవ్వలది?" అని అడుగుతాడు. ఆ మనిషి చూడకుండా ఒక పేరు పిలవాలి. ఆ పేరుగలవాడు గంప తెచ్చి కుప్ప పక్కన పెట్టుకుంటాడు. ఆ పిలుపు పుష్పమ్మది. పాలు మొగుడి పేరున ఉంది తప్ప ఆవిడ పేరున లేదు కనక ఆవిడకు పక్షపాతం ఉండదని పూర్వం పెద్దలు నిర్ణయించారట. ఆ పెద్దలు పెళ్లాలతో ఎన్నడూ మాట్లాడి ఉండరని నా అనుమానం.

పుష్పమ్మ ఏ పేరూ ఊరికే పిలవదు.

"ఇది ఎవ్వలది?"

"పెండ్లాం ఫోన్ చేస్తే సిగ్నల్ లేదనేటోనిది. తిరుమల్‌ది!"

గట్టంతా నవ్వుతుంది, తిరుమల్ తల దించుకుని గంప తెచ్చుకుంటాడు. సంఘానికి పెద్ద మధుసూదన్, పుష్పమ్మ మొగుడు గంగారాంకు వరసకు తమ్ముడు. ఆయన పేరు ఎప్పుడూ ఆఖరున పిలవాలి. "అందరు తీస్కున్నంక మిగిలిందే నాది" అని ఆయనే పెట్టుకున్న పద్ధతి. ఆ మాట అన్నప్పుడల్లా మీసం ఒక అంగుళం లేస్తుంది. ఇక తన మొగుడి వంతు వచ్చేసరికి పుష్పమ్మ పేరే పలకదు. "మా రజితోళ్ల నాయనది" అని కొంగు సర్దుకుంటుంది. లోకంలో అందరినీ పేరు పెట్టి తిట్టగలిగిన మనిషికి ఆ ఒక్క పేరు దగ్గరే సిగ్గు.

వాళ్లకు ఒక గట్టి కట్టుబాటు ఉంది. పిలిచిన పేరు వెనక్కి రాదు. మొన్నామధ్య ఒక ఏడు తిరుమల్‌కు జెల్లలు నిండిన కుప్ప పడింది. "నాకు సరిగ్గ ఇనవడలే, మళ్ల పిలువుండ్రి" అని వాడు మొండికేశాడు. మధుసూదన్ లేచి, "పిలిచిన పేరు గంగమ్మ ఇన్నది. ఇగ తిరుగది. ఇయ్యాల నువ్వు, రేపు ఇంకోడు. గిట్లయితే పంచుడే ఖతం" అని గదిమాడు. తిరుమల్ ఆ జెల్లలను ఒక్కొక్కదాన్నీ తిడుతూ ఎత్తుకున్నాడు.

పోయిన వానాకాలంలో గంగారాం జ్వరంతో పోయాడు. నెమ్మదైన మనిషి. పుష్పమ్మ మాటలన్నిటికీ సరిపడా మౌనం ఆయన ఒక్కడి దగ్గరే ఉండేది. వాళ్లకు ఒక్కతే కూతురు. రజిత పద్మారావు నగర్‌లో ఒక ల్యాబులో పనిచేస్తుంది, అల్లుడు రాజేందర్ ఏసీలు బాగుచేస్తాడు. దినాలు కాగానే పుష్పమ్మ మళ్లీ టార్పాలిన్ పరుచుకుంది, మళ్లీ బ్యాంకు సారును మోసం చేసింది. నేను ఆవిడ తేరుకుందనుకున్నాను.

మే నెల ఆఖరున ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. చేతిలో గంప లేదు. మెట్ల మీద కూర్చుని, "టీచరమ్మా, నా పాలు తీసేస్తరంట" అంది.

"ఎవరు?"

"అందరు."

"అన్నదెవరు?"

"ఎవ్వరనలే."

తిలాపాపం తలా పిడికెడు అంటే అదే. చేపలు తగ్గాయి, ఒక పాలు తగ్గితే మిగతా కుప్పలు కాస్త పెరుగుతాయి. ఎవరి కుప్పను తగ్గించాలో ఎవరూ పైకి అనలేదు, అందరి కళ్లూ మాత్రం మగదిక్కు లేని ఇంటివైపు తిరిగాయి. నీళ్లలో దిగి వలకు చెయ్యి వేసినవాడికే పాలు అనే పాతమాట ఒకటి వాళ్లకు సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది.

"మిరుగం కుప్ప పోతే ఏడాది పొడుగూత లారీ చేపలే అమ్మాలె. సరే, అమ్ముత. అబద్ధాలు నాకు కొత్తనా?" అంది పుష్పమ్మ. "గని పాలు పోతే కుంట పోయినట్టే గదా టీచరమ్మా. పెండ్లయి వచ్చిన కాడ్నుంచి ఆ గట్టు మీద నిలవడ్డ. ఇగ వట్టి బేరగత్తెనయిత. ఆడ నాకేం పని అంటరు." ఆవిడ అలా కుంగిపోవడం నేను చూడలేదు అంతవరకు. గంగారాం పోయినప్పుడు కూడా ఏడుస్తూనే వచ్చినవాళ్లకు టీ అందిందా లేదా అని అడిగిన మనిషి.

నాకు కోపం నషాళానికి అంటింది. నువ్వే దిగు, వల పట్టు, ఎవరడ్డం వస్తారో చూస్తాను అన్నాను. "ఆడోళ్లు వల పట్టుడు మా కాడ లేదంటరు. మరి గంగమ్మ మొగోడా? అడిగితే జవాబు చెప్పరు" అంది. అయితే నేనే వచ్చి ఆ మధుసూదన్‌ను కడిగేస్తానన్నాను. ఆవిడ మొహంలోకి అప్పుడు కొంచెం నవ్వు వచ్చింది. "నువ్వు మాట్లాడితే ఉన్న కుంట సుత ఎండిపోతది. జెర ఆగు. అల్లుని దించుత" అని లేచింది.

రాజేందర్ గంగపుత్రుల ఇంట్లోనే పుట్టాడు. అయితే వాడికి ఊహ వచ్చేసరికే వాళ్ల ఊరి చెరువు ప్లాట్లయిపోయింది. నీళ్లతో వాడి సంబంధమంతా ఏసీలోంచి కారే నీళ్లతోనే. వల లాగే రోజు పొద్దున్నే వాడు గట్టు మీదికి వచ్చిన తీరు చూసి నాకు గుండె జారిపోయింది. జీన్స్ మోకాళ్ల దాకా మడిచాడు, పైన ఫోన్లో తెప్పించుకున్న నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడిగాడు. ఆ కుంటలో ఎక్కడా లోతు ఛాతీ దాటదు.

"ఏంది బావా, గోదారి ఈదుతవా?" అన్నాడు తిరుమల్.

"సేఫ్టీ" అన్నాడు రాజేందర్ చాలా సీరియస్‌గా.

పుష్పమ్మ కళ్లు మూసుకుంది. అల్లుడు గంగమ్మకు దండం పెట్టి, చెప్పులతో సహా నీళ్లలోకి దిగాడు. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగు ఎవరో కుంటలో పారేసిన పాత పరుపు మీద పడింది. మెత్తగా, కొంచెం ఊగుతూ ఉన్న ఆ వస్తువును వాడు ఏమనుకున్నాడో దేవుడికే తెలియాలి. "ఓ రజితా!" అని కేక పెట్టి గాల్లోకి ఎగిరాడు, జేబులోంచి ఫోను కూడా ఎగిరింది. వాడు గట్టున పడ్డాడు, ఫోను నీళ్లలో పడింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని ఊరికే అనలేదు. ఆ తర్వాత వాడు మళ్లీ నీళ్లలో దిగలేదు. "ఎవరన్న నా నంబర్‌కు కొట్టుండ్రి" అని గట్టంతా తిరిగాడు. పాపం ముగ్గురు కొట్టారు కూడా. అందరూ కాసేపు చెవులు రిక్కించి నిలబడ్డారు గానీ కుంట మోగలేదు.

మధుసూదన్ అప్పుడు గొంతు సవరించుకుని, చావు కబురు చల్లగా చెప్పాడు. "వదినె, చూసినవ్ గదా. అల్లుడు దిగలే, పడ్డడు. నాకు సుత మంచిగనిపిస్తలేదు. గని ఈ యేడు చేపలెన్నున్నయో నీకెర్కే. ఉన్నోళ్లకే సాల్తలేవు. అన్న పాలు ఇయ్యాల్టికెళ్లి లేదు."

ఎవరూ పుష్పమ్మవైపు చూడలేదు. ఒక్కసారిగా అందరికీ వలలో చిరుగులు కనిపించాయి, అందరూ వాటిని చూడ్డంలో మునిగిపోయారు.

"సరే మధు, న్యాయమే" అంది పుష్పమ్మ.

ఇంతే అంది. నేను నిర్ఘాంతపోయాను. కొత్తిమీర కట్ట దగ్గర కూడా అరగంట బేరమాడే మనిషి, తన పాలు పోతే సరే అంటుందా! ఆవిడ భుజం పట్టుకుని కుదిపాను. ఆవిడ నా చెయ్యి తీసి మెల్లగా పక్కన పెట్టి, "చేపలు మంచిగ పడాలె, గది చూడు ముందు" అంది. ఆ గొంతులో ఆ రోజు మా మెట్ల మీద విన్న బాధ లేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. పుష్పమ్మ మర్యాదగా మాట్లాడితే ఎక్కడో ఏదో టబ్బు ఊగుతోందన్నమాట.

వల లాగడం షురూ అయింది. రెండు పక్కలా మగవాళ్లు చుట్టుకుంటూ వచ్చారు. ముందు ఒక కుర్చీ కాలు వచ్చింది, తర్వాత గుర్రపుడెక్క, తర్వాత నిమజ్జనం చేసిన విగ్రహాల ఇనప చువ్వలు, చివరికి చేపలు. తక్కువే పడ్డాయి గానీ బలంగా ఉన్నాయి. బొచ్చెలు, రవ్వలు, అక్కడక్కడ నల్లగా మెరిసే కొర్రమట్టలు. అమ్మకానికి కాక ఇంట్లో తినడానికే పనికొచ్చే జెల్లలు కూడా ఉన్నాయి. ఓంప్రకాశ్ మోకాళ్ల మీద కూర్చుని, ఒకటి ఇటు, ఒకటి అటు వేసుకుంటూ కుప్పలు చేశాడు. పుష్పమ్మ ఇంటి కుప్ప చెయ్యలేదు. చేతులు దులుపుకుని లేచి, కట్టె తీసుకుని, ఏటా పిలిచినట్టే పిలిచాడు.

"పుష్పమ్మా, రా. నిలవడు."

పుష్పమ్మ వెళ్లి నిలబడింది. తల మీదికి కొంగు లాక్కుని గుట్టవైపు తిరిగింది. ఎవరికీ అందులో వింత కనిపించలేదు. పాలు తీసెయ్యాలని పదిహేను రోజులు గుసగుసలాడిన మనుషులు, పిలుపు తీసెయ్యాలని ఒక్కరూ అనుకోలేదు. ఆవిడ పిలవకుండా చేపలు పంచుకోవచ్చన్న ఊహే వాళ్లకు ఎన్నడూ వచ్చి ఉండదు. వాచ్‌మన్ డ్యూటీకి టైమవుతోందని ఒకడు, ఆటో అడ్డా దగ్గర చోటు పోతుందని ఒకడు, అందరికీ తొందరే.

"ఇది ఎవ్వలది?"

"అత్తగారింటికి పోతే లారీ చేప తీస్కపోయి మా కుంటదని చెప్పెటోనిది. సత్తయ్యది!"

సత్తయ్య నవ్వుతూ గంప పెట్టుకున్నాడు.

"ఇది ఎవ్వలది?"

"గేటు కాడ కూసొని గురక పెట్టి దొంగల్ని బెదిరిచ్చెటోనిది. యాదగిరిది!"

"ఇది ఎవ్వలది?"

"మళ్ల సిగ్నల్ లేనోనిది. తిరుమల్‌ది!"

తిరుమల్ వెళ్లి చూసి ఆనందంతో గెంతాడు. ఈసారి వాడికి బలిసిన రవ్వలు పడ్డాయి. రెండు మూడు పేర్లు గడిచాయి. మధుసూదన్ కొంచెం దూరంగా ఫోన్లో టోకు వ్యాపారి ఎవరితోనో వాదిస్తున్నాడు.

"ఇది ఎవ్వలది?"

"చూడకుంట అందరికి పంచేదానిది. పుష్పమ్మది!"

అదే రాగం, అదే గొంతు. ఓంప్రకాశ్ చేతిలో కట్టె ఒక్క క్షణం ఆగింది. తర్వాత అలవాటుగా పక్క కుప్ప మీదికి జరిగింది. "ఇది ఎవ్వలది?" కుప్పలు ఎత్తుకునేవాళ్లు ఎత్తుకుంటున్నారు, నవ్వేవాళ్లు ఇంకా తిరుమల్‌ను చూసే నవ్వుతున్నారు. నేను విన్నాను. అరిచి అందరికీ చెప్పాలనిపించింది, ఆవిడను కావలించుకోవాలనిపించింది. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

కట్టె చివరిదాకా వెళ్లింది. ఓంప్రకాశ్ కట్టె చంకలో పెట్టుకున్నాడు. మధుసూదన్ ఫోను జేబులో వేసుకుని వచ్చి, "అందరియి అయినయా? సరే, మిగిలిందే నాది" అన్నాడు, మీసం లేచింది. నాలుగువైపులా చూశాడు. గంప లేని కుప్ప ఒక్కటే ఉంది. రెండు బొచ్చెలు, ఒక కొర్రమట్ట, చుట్టూ మంచి రవ్వలు. మీసం ఇంకొంచెం లేచింది. వెళ్లి పక్కన గంప దించాడు.

పుష్పమ్మ అప్పుడు ఇటు తిరిగింది. "గంప తియ్యి మధు. అది నాది" అంది.

మధుసూదన్ ముందు నవ్వాడు, తర్వాత మిగతా కుప్పలన్నిటి పక్కనా గంపలు చూసి నవ్వు ఆపాడు. "వదినె, పరాచికాలొద్దు."

"పరాచికమేంది? పేరు పిలిచిన. ఓంప్రకాశ్, పిలిచిన్నా లేదా?"

"పిలిచింది" అన్నాడు ఓంప్రకాశ్. "కట్టె నేనే పెట్టిన."

"ఇంటే ఎందుకాపలే?" అని మధుసూదన్ అతని మీద విరుచుకుపడ్డాడు.

"నా పని కట్టె పెట్టుడు. ఆపుడు కాదు."

"పాలు లేనోళ్ల పేరు ఎట్ల పిలుస్తరు?"

"పాలు లేదన్నవ్, సరే అన్న. నన్నెందుకు నిలవెట్టిన్రు మరి? పాలు లేనిదాన్ని గట్టు మీద నిలవెట్టి పేర్లు పిలవమంటే నాకేమనిపిస్తదని ఎవలన్న అనుకున్నరా?" అంది పుష్పమ్మ. ఆ ఒక్క మాట మాత్రం ఆవిడ కోపంగానే అంది, గొంతు గుట్టకు తగిలి తిరిగొచ్చింది. "నిలవెట్టిన్రు. పిలిచిన. గంగమ్మ ఇన్నది."

మధుసూదన్ అందరివైపు తిరిగాడు. "ఇది చెల్లది. అన్ని కుప్పలు కలుపుండ్రి. మళ్ల పంచుదాం."

ఆయన చేసిన పొరపాటు అదే. కలపాలి అన్న మాట చెవిన పడగానే ఎవరి కుప్ప మీదికి వాళ్లు వంగారు. యాదగిరి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. తిరుమల్ అయితే తన రవ్వల మీద దాదాపు కూర్చున్నాడు. "పిలిచిన పేరు తిరుగది పెద్దనాయనా" అన్నాడు, ఒక్కొక్క మాట నములుతూ. "ఇయ్యాల నువ్వు, రేపు ఇంకోడు. గిట్లయితే పంచుడే ఖతం. నాకు జెల్లలు పడ్డనాడు నువ్వే చెప్పినవ్."

మిగతావాళ్లందరూ అవునవునన్నారు. పొద్దున పుష్పమ్మ పాలు తీయించినదీ ఎవరి కుప్ప మీద వాళ్లకున్న ఆశే, ఇప్పుడు ఆవిడ కుప్పను కాపాడినదీ ఆ ఆశే. ధర్మం గెలిచిందని నేను బడిలో పిల్లలకు ఈ కథ చెప్పలేను.

మధుసూదన్‌కు ఇక మింగలేని కక్కలేని పరిస్థితి. గంప తీసుకుని పక్కకు జరిగి, గట్టు రాయి మీద కూర్చున్నాడు. మీసం దిగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆయన కింద పడాలని పొద్దుటినుంచీ కోరుకున్న నాకే ఆ ఉత్త గంపను చూస్తే బాగా అనిపించలేదు. చెడ్డవాడు కాదు. దొంగ వలలు వేసేవాళ్లను తరమడానికి అందరికంటే ఎక్కువ ఈ గట్టు మీద కాపలా కాసింది ఆయనే. ఇంటినిండా మనుషులు, రేపు మిరుగం. "నీదే తియ్యి వదినె" అన్నాడు తల ఎత్తకుండా. "ఎట్లనో ఒకట్ల చేస్త నేను."

పుష్పమ్మ తన కుప్ప దగ్గరికి నడిచింది. వంగి, ఉన్న రెండు బొచ్చెల్లో పెద్దదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అది తోకతో ఆవిడ మొహం మీద కొట్టింది. ఆవిడ పట్టు వదలకుండా రాయి దాకా మోసుకొచ్చి, మధుసూదన్ గంపలో వేసింది.

"పొద్దుగాల గింతే పని ఉండె మధు" అంది. "మనిషికొక్క చేప."

మధుసూదన్ గంపలో కొట్టుకుంటున్న చేపను చూస్తూ ఉండిపోయాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు కూడా. ముందు కదిలింది సత్తయ్య. ఒక మంచి రవ్వ తెచ్చి గంపలో పెట్టాడు. తర్వాత యాదగిరి. తిరుమల్ తన కుప్పలో వెతికి వెతికి ఒక సన్నది తీశాడు. పుష్పమ్మ వాడి చేతివైపు చూసింది. వాడు దాన్ని కింద పెట్టి లావుది తీశాడు. ఆవిడ వేసిన బొచ్చె తర్వాత చిన్నది వెయ్యడం ఎవరివల్లా కాలేదు. చూస్తుండగానే మధుసూదన్ గంప నిండి అందరి గంపలకంటే బరువైంది.

"ఇదేం న్యాయం, ఆయనకే ఎక్కువైనయి!" అన్నాడు తిరుమల్.

"పెద్దమనిషి గదా, మోయనీ" అంది పుష్పమ్మ.

అప్పుడు నవ్వారు అందరూ. మధుసూదన్ కూడా మొహం తుడుచుకుంటూ నవ్వాడు. జనం గంపలు ఎత్తుకుంటుంటే ఓంప్రకాశ్ కట్టె కడిగి పక్కన పెట్టి, ఉండబట్టలేక అడిగేశాడు.

"మరి వచ్చే యేడు పిలుపు ఎవ్వలది?"

అందరూ ఆగి మధుసూదన్‌వైపు చూశారు. ఆయన గంప తలకెత్తుకుని, ఆ బరువు కింద మెడ సర్దుకుని, వదినెవైపు తిరిగాడు. "వదినెదే. పాలు సుత ఉంటది, పిలుపు సుత ఉంటది" అన్నాడు.

"పాలు ఉన్నా పిలుస్త, లేకున్నా పిలుస్త" అంది పుష్పమ్మ కొంగు దులుపుకుంటూ. "మీ ఇష్టం."